ట్రైలర్ చక్రాల బ్యాలెన్సింగ్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

కారు వెనుక తగిలించుకొని తిరిగే క్యారవాన్ ట్రైలర్ కొన్నావనీ, ఎండలు తగ్గగానే పిల్లలతో హార్స్‌లీ హిల్స్‌కు బయలుదేరుతున్నావనీ అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. అయితే కారు చక్రాలకు మాత్రమే బ్యాలెన్సింగ్ (చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న వెయిట్లు వేయడం) చేయించి, ట్రైలర్ చక్రాలకు అక్కరలేదని షాపులో చెబితే సరేనని వచ్చేశావని కూడా తెలిసింది. రేణిగుంట రోడ్డులో ఇన్నేళ్లు టైర్ల షాపు నడిపినవాడిగా ఆ మాటను నేను ఒప్పుకోలేను.

కారు చక్రం బ్యాలెన్స్ తప్పితే స్టీరింగ్ వణికి నీ చేతులకు వెంటనే తెలుస్తుంది. ట్రైలర్‌లో ప్రయాణ సమయంలో ఎవరూ ఉండరు కనుక, అది ఎంత అదిరినా చెప్పేవారు లేరు. 15 అంగుళాల రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాముల బరువు ఎక్కువగా ఉందనుకో. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ ఆ కొద్దిపాటి బరువే దాదాపు 3 కిలోల బలంతో ఇరుసును పైకీ కిందికీ లాగుతుంది. వేగం సగమైతే ఈ లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఊళ్లో నెమ్మదిగా తిప్పి చూసి బాగానే ఉందనుకోవడానికి వీల్లేదు. ఆ అదురుకు లోపలి అలమరల మరలు వదులవుతాయి, నీటి పైపుల జాయింట్లు కారుతాయి, బేరింగులు త్వరగా అరుగుతాయి. అన్నిటికంటే నాకు భయం కలిగించేది గ్యాస్ పైపు బిగింపు, దాన్ని ప్రతి ప్రయాణానికి ముందు సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూసుకో.

షాపుకు వెళ్లే ముందు ట్రైలర్‌ను కారుకు తగిలించే ఉంచి, అవతలి వైపు చక్రానికి ముందూ వెనుకా కట్టెలు అడ్డం పెట్టి, కంపెనీవారు చూపించిన చోటనే జాకీ వేయి; ఇరుసు గొట్టం మధ్యలో ఎత్తితే అది వంగుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూడు, వదులుగా కదులుతుంటే ముందు బేరింగు సంగతి చూడాలి. తర్వాత చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, కదలకుండా పట్టుకున్న సుద్దముక్కను టైరుకు దగ్గరగా ఉంచు. మధ్యలోని సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే రిమ్మైనా వంగి ఉంటుంది, టైరైనా గుండ్రం తప్పి ఉంటుంది, దాన్ని ఏ వెయిట్లూ సరిచేయలేవు. ట్రైలర్ నెలల తరబడి ఒకేచోట నిలిచి ఉంటే నేలకు ఆనిన భాగం కొంత చదునవుతుంది కాబట్టి, 20 కిలోమీటర్లయినా నడిపిన తర్వాతే చక్రాలు విప్పించు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు, షాపుల్లో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. కార్ల రిమ్ములు చాలావరకు మధ్య రంధ్రం ఆధారంగా హబ్బు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగం) మీద కుదురుకుంటాయి. ట్రైలర్ రిమ్ముల్లో చాలావాటికి ఆ మధ్య రంధ్రం వదులుగా ఉంటుంది. నట్ల ఏటవాలు అంచులే చక్రాన్ని నడిమధ్యకు తెస్తాయి. అటువంటి చక్రాన్ని బ్యాలెన్సింగ్ మిషన్ మీద మధ్య రంధ్రంలో కోను దూర్చి బిగిస్తే, మిషన్ ఒక కేంద్రం చుట్టూ లెక్క కడుతుంది, రోడ్డు మీద చక్రం మరో కేంద్రం చుట్టూ తిరుగుతుంది. అందువల్ల బోల్టు రంధ్రాల్లో కూర్చునే పిన్నులున్న ప్లేటుతో బిగించమని అడుగు. అది లేని షాపులో పని చేయించవద్దు, చిత్తూరు వరకు వెళ్లవలసి వచ్చినా వెళ్లు.

వెయిట్లు లోపలి అంచుకూ బయటి అంచుకూ విడివిడిగా చూసి వేయాలి, ఎందుకంటే చక్రం ఎగరడమే కాక పక్కలకు ఊగడం కూడా ఆగాలి. రెండువైపులా సున్నా చూపించాక పని అయిపోయిందనుకోకు. చక్రాన్ని వదులు చేయించి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి, ఇంకోసారి తిప్పమను. సున్నాకు దగ్గరగానే ఉంటే నమ్మవచ్చు. 20, 25 గ్రాములు చూపిస్తే చక్రం సరిగా కుదురుకోలేదని అర్థం, మొదటినుంచి చేయాలి. షాపువారు విసుక్కున్నా సరే, ఈ పరీక్ష చేయించకుండా డబ్బు ఇవ్వకు. టైరు లోపల పోసే గాజు పూసల గురించి కొందరు చెబుతారు, తేమ తగిలితే అవి ముద్దకట్టే అవకాశం ఉంది కాబట్టి నాకైతే వాటి మీద నమ్మకం లేదు.

టైరు పక్కగోడ మీది తేదీ కూడా చూడు. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. ట్రైలర్ టైర్లు అరగకముందే ఎండకు పాడవుతాయి, మన తిరుపతి ఎండలో మరీను. ఆరేళ్లు దాటిన టైరుకు బ్యాలెన్సింగ్ చేయించడం దండగ, మార్చేయి. గాలి ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకో.

చక్రాలు తిరిగి ఎక్కించేటప్పుడు నట్లను వరుసగా కాక ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, కంపెనీ చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు కొలతకు, బిగించాలి. కొత్తగా బిగించిన నట్లు కొంత దూరం వెళ్లాక వదులవుతాయి కనుక, భాకరాపేట ఘాటు మొదలుకాకముందు ఒకసారి, పీలేరులో మరొకసారి ఆగి టార్క్ రెంచ్ పెట్టి చూడు. ఆగినప్పుడల్లా హబ్బు దగ్గర చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి చూసి, ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడినుంచి కదలకుండా నాకు ఫోన్ చేయి. స్టెప్నీకి కూడా ఇదే రోజు బ్యాలెన్సింగ్ చేయించు.

ఇట్లు,
మీ మామయ్య