కోడింగ్ చేసే అబ్బాయిని మేనేజర్ చేయాలని తొందరపడకండి

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో నాలుగేళ్లుగా జావా డెవలపర్. మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటున్నాడు. నలభై దాటితే కోడింగ్ వాళ్లను కంపెనీలు ఉంచుకోవని అందరూ అంటున్నారు. మా బావగారబ్బాయి అప్పుడే డెవలపర్ల టీమ్‌ని నడిపే డెవలప్‌మెంట్ మేనేజర్ అయ్యాడు. మావాడు ఆ మాటెత్తితేనే చిరాకు పడుతున్నాడు. ఎంబీఏ చేయించాలా, పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్ష) రాయించాలా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, బెంగళూరులో పిల్లలున్న తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కోర్సు సంగతి తర్వాత. నలభై దాటాక పిల్లాడి ఉద్యోగం ఏమవుతుందోనన్న మీ భయం గురించి ముందు మాట్లాడుకుందాం.

మేనేజర్ కుర్చీకి ఢోకా లేదనేది పాత నమ్మకం. 2023లో ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ మేనేజర్ల అంచెలు తగ్గించింది. 2024 సెప్టెంబరులో అమెజాన్ అధిపతి ఆండీ జస్సీ, మేనేజర్లతో పోలిస్తే నేరుగా పని చేసేవాళ్ల నిష్పత్తి కనీసం 15 శాతం పెరగాలని తన సంస్థలకు చెప్పారు. ఖర్చు తగ్గించుకునే రోజు వస్తే, మీటింగులు మాత్రమే నడిపేవాళ్ల మీద కూడా కన్ను పడుతుంది. అప్పటికి కోడ్ అలవాటు తప్పిపోయి ఉంటే ఇంకోచోట ఇంటర్వ్యూ గట్టెక్కడం కష్టం. సీనియర్ ఇంజినీరు, స్టాఫ్ ఇంజినీరు, ఆర్కిటెక్టు అంటూ కోడ్ వదలకుండా పైకెళ్లే దారి కూడా ఉంది. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్ద ప్రోడక్ట్ కంపెనీల్లో ఆ దారిలో వెళ్లినవాళ్ల జీతాలు మేనేజర్లకేమీ తీసిపోవు. మీవాడు చిరాకు పడుతున్నది బహుశా ఇది తెలిసే.

అసలు ఆ మేనేజర్ రోజు ఎలా గడుస్తుందో మీకెవరైనా చెప్పారా? టీమ్‌లో ఎవరు రాజీనామా ఇవ్వబోతున్నారో ముందే పసిగట్టాలి. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గిన కుర్రాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కారణం చెప్పాలి. కొత్త వెర్షన్ రిలీజ్ చేసే రాత్రి సర్వర్ పడిపోతే, తను రాయని కోడ్‌కి కూడా అమెరికా క్లయింటుతో తనే మాట పడాలి. మనుషులతో వేగడం ఇష్టమైనవాళ్లకి ఇది గొప్ప ఉద్యోగమే. ఇష్టం లేనివాణ్ని అందులోకి నెడితే వాడూ నలుగుతాడు, వాడి కింద పనిచేసే పిల్లలూ నలుగుతారు.

ఇక ఈ మాట కొంచెం గట్టిగానే చెప్తున్నాను. బావగారబ్బాయితో పోలిక ఇవాళే ఆపేయండి. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే వినిపిస్తే, రోజంతా పనిచేసి రూముకొచ్చిన పిల్లాడు మీతో ఇంకేం మాట్లాడతాడు? హోదా ఉంటే మంచి సంబంధాలొస్తాయన్నది మీ ఆలోచనైతే, అది పెళ్లి విషయం. దానికి కెరీర్ అని పేరు పెట్టకండి.

మీరడిగిన కోర్సుల మాటకొస్తే, పీఎంపీకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నా ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపించాలి. పైగా గడువులు, బడ్జెట్లు చూసే ప్రాజెక్ట్ మేనేజర్లకే అది ఎక్కువ పనికొస్తుంది. ఎంబీఏ కోసం రెండేళ్ల జీతం వదులుకునే ముందు కోరిక అబ్బాయిదై ఉండాలి. డెవలప్‌మెంట్ మేనేజర్లలో చాలామంది టీమ్‌లో లీడ్‌గా ఎదిగి వచ్చినవాళ్లే.

అబ్బాయికి నాది ఒకటే సూచన. ఈ ఏడాది ఇద్దరు ఫ్రెషర్లకు పని నేర్పే బాధ్యత అడిగి తీసుకోమనండి. వాళ్ల తప్పులు దిద్దడంలో తృప్తి దొరికితే లీడ్ అవకాశం కోసం అడుగుతాడు. విసుగొస్తే కోడ్‌లోనే ఉంటాడు. రెండింట్లోనూ అన్నానికి లోటుండదమ్మా, ధైర్యంగా ఉండండి.