పాత డాడ్జ్ మోటర్‌హోమ్‌లో ట్రాన్స్‌మిషన్ వేడెక్కుతోంది, పెద్ద కూలర్ వేస్తే చాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: 1976 డాడ్జ్ వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి), 440 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 727 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఎండల్లో కొండ ఎక్కితే మాడు వాసన, ఆయిల్ ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్ రంగుకి తిరిగింది, కాబట్టి గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ దొరికేవాటిలో కెల్లా పెద్దది పెట్టేద్దామా, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ లోతుది వేస్తే లాభమా అని. కూలర్ పెట్టండి, కానీ అది ఆఖర్న. నేను అదే ముందు పెట్టి ఆరు వందల డాలర్లు తగలేశాను, వాసన మాత్రం పోలేదు.

మాదీ అదే ఛాసిస్ అండి, 21 అడుగుల బండి, ఇంజన్ మాత్రం 360. ఉండేది అరిజోనాలోని ఫీనిక్స్‌లో. కొన్న కొత్తలో జూన్ నెలలో ఫ్లాగ్‌స్టాఫ్ బయల్దేరాం, గ్రాండ్ కాన్యన్ చూద్దామని, మా అత్తగారు మామగారు కూడా ఉన్నారు, బండినిండా సామాన్లు, నీళ్ళ ట్యాంకు ఫుల్లు. ఫీనిక్స్ 1,100 అడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగులు, మధ్యలో 145 మైళ్ళు కూడా లేదు. ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే అసలు ఎక్కుడు మొదలవుతుంది. నేను డ్రైవ్‌లోనే ఉంచి, యాక్సిలరేటర్ నొక్కిపట్టి, 40లో ఈడ్చుకుంటూ పోయాను, ఇంజన్ మూలుగుతోంది కానీ టెంపరేచర్ ముల్లు బానే ఉంది కదా అనుకున్నా. ఆ ముల్లు చెప్పేది రేడియేటర్ నీళ్ళ సంగతి, గేర్‌బాక్స్ సంగతి కాదు, అప్పట్లో అది కూడా తెలీదు నాకు.

సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియాకి చేరేసరికి మూకుట్లో నూనె మాడిన వాసన. పార్క్‌లో పెట్టి ఇంజన్ ఆన్‌లోనే ఉంచా, ఆయిల్ తిరుగుతూ చల్లబడుతుందిలే అని. ఇరవై నిమిషాలైనా తగ్గలేదు. పక్కన ఇంకో పాత బండి ఆపుకున్న పెద్దాయన వచ్చి చూసి, పార్క్ తీసి న్యూట్రల్‌లో పెట్టు అన్నాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం బాధ తప్పుతుంది, అందుకే ముందు ఇదే చెప్తున్నా. ఆ కాలం 727ల్లో పార్క్‌లో ఉన్నప్పుడు టార్క్ కన్వర్టర్‌కీ (అదేంటో కింద చెప్తా) కూలర్‌కీ ఆయిల్ వెళ్ళదు, న్యూట్రల్‌లోనే వెళ్తుంది. 70ల చివర్లో వచ్చినవాటిలో ఇది మార్చారు, మీది 76 కాబట్టి పాత రకమే అయ్యుంటుంది. అంటే నేను ఇరవై నిమిషాలు చల్లబరుస్తున్నా అనుకుని ఉత్తినే పెట్రోల్ కాల్చానన్నమాట. న్యూట్రల్‌లో పెట్టేముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మన లారీ క్లీనర్లు పెట్టినట్టు చక్రాల కింద చెక్కముక్కలు పెట్టండి, ఏటవాలులో హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇంజన్ స్పీడు కొంచెం పెంచి పది నిమిషాలు వదిలేస్తే తేడా తెలుస్తుంది.

ఆయిల్ లెవెల్ చూడ్డం కూడా న్యూట్రల్‌లోనే, బండి వేడిగా ఉండి ఇంజన్ నడుస్తూ ఉన్నప్పుడు. పార్క్‌లో చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది, మనం ఫుల్లుగా ఉందనుకుని తక్కువ ఆయిల్‌తో తోలుతుంటాం. అలాగని ఎక్కువ పోసినా నురగ వచ్చి అదీ వేడే.

ఇప్పుడు వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది కదా, లోపల రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉన్నట్టు, ఇంజన్ వైపుది ఆయిల్‌ని విసిరితే రెండోది తిరుగుతుంది. రెండూ ఒకే స్పీడులో తిరుగుతుంటే పేచీ లేదు. బరువు ఎక్కువై రెండోది వెనకపడితే మొదటిది కవ్వంతో మజ్జిగ చిలికినట్టు ఆయిల్‌ని చిలుకుతూనే ఉంటుంది, ఆ చిలుకుడంతా వేడే. ఈ కాలం బండ్లలో స్పీడు అందుకున్నాక కన్వర్టర్‌లో ఆ రెండూ కలిసి లాక్ అయిపోతాయి, మన 76 మోడల్లో ఆ లాకప్ లేదు. అందుకని కొండ మీద టాప్ గేర్‌లో తక్కువ ఆర్‌పీఎంతో ఈడ్చడం అంత పాపం ఇంకోటి లేదు. నేనిప్పుడు ఎక్కుడు మొదలవ్వకముందే చేత్తో 2లోకి వేసేస్తాను, 45 మైళ్ళ స్పీడు, ఇంజన్ 3,000 పైన అరుస్తుంటుంది, మా ఆవిడకి ఆ సౌండ్ అంటే భయం, కానీ కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది, ఫ్యానూ వాటర్ పంపూ కూడా స్పీడుగా తిరుగుతాయి. శ్రీశైలం ఘాట్‌లో లారీ తోలిన మా మామయ్యకి ఫోన్లో ఇది చెప్తే, ఘాట్‌లో టాప్ గేర్ ఎవడేస్తాడ్రా అని నవ్వాడు. ఆటోమేటిక్ అనేసరికి అన్నీ అదే చూసుకుంటుందని మనకో భ్రమ.

సరే, అసలు కథ ఇంకా ఉంది. పెద్ద కూలర్ వేయించాక కూడా వాసన వస్తూనే ఉంది అన్నాను కదా, కారణం రెండేళ్ళకి దొరికింది. నాకంటే ముందు ఓనరు కార్బురేటర్ మార్పించాడు, మార్చిన మెకానిక్కి కొత్తదానికి పాత రాడ్ కుదరక గేర్‌బాక్స్‌కి వెళ్ళే లింకేజ్‌ని వైరుతో కట్టి వదిలేశాడు. చాలామంది దాన్ని కిక్‌డౌన్ రాడ్ అంటారు (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేరు దానంతటదే దిగడమే కిక్‌డౌన్), అది లేకపోతే ఏముందిలే గేరు చేత్తో మార్చుకుంటాం అనుకుంటారు. 727లో అది కిక్‌డౌన్‌కి మాత్రమే కాదు, యాక్సిలరేటర్ ఎంత నొక్కామో గేర్‌బాక్స్‌కి చెప్పి దానికి తగ్గట్టు లోపలి ఆయిల్ ప్రెషర్ పెంచేది అదే. అది లేకపోతే ఫుల్ లోడు మీద కూడా ప్రెషర్ తక్కువే ఉంటుంది, గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లు గట్టిగా పట్టుకోక జారుతూ కాలిపోతాయి. నా క్లచ్‌లు కాలిపోయాయి, మొత్తం విప్పి రీబిల్డ్ చేయించాల్సొచ్చింది, ఎంతయ్యిందో అడక్కండి. మీరు చేయాల్సిన పరీక్ష చాలా తేలిక: ఇంజన్ ఆపేసి, ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టాలి, ఇంకొకరు కింద దూరి గేర్‌బాక్స్ పక్కన ఉన్న ఆ లివర్ చివరిదాకా వెనక్కి వెళ్ళిందో లేదో చూడాలి. సగంలో ఆగితే ముందు అది సరిచేయండి. అసలు రాడ్డే లేకపోతే ఆ బండిని కొండ కాదు కదా వీధి చివరికి కూడా తీయొద్దు.

తర్వాత రేడియేటర్. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ రేడియేటర్ ట్యాంకులో ఉన్న చిన్న కూలర్ గుండా వెళ్ళొస్తుంది కాబట్టి అక్కడి నీళ్ళకంటే ఆయిల్ చల్లబడే ప్రసక్తే లేదు. యాభై ఏళ్ళ రేడియేటర్ సగం పూడిపోయుంటే, రేడియేటర్ ఫ్యాన్‌ని తిప్పే ఫ్యాన్ క్లచ్ అరిగిపోయుంటే, కొత్త కూలర్ వేసినా లాభం తక్కువ. కూలర్ లైన్లలో ఆయిల్ సరిగ్గా పారుతోందో లేదో చూడ్డానికి, రిటర్న్ పైపు విప్పి చివర డబ్బాలో పెట్టి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేస్తే ఇరవై సెకన్లలో ఒక క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ రావాలి. సన్నగా ధార కట్టి వస్తుంటే ఎక్కడో పూడిక ఉన్నట్టే. ఇరవై సెకన్లకి మించి నడపొద్దు, లోపల ఆయిల్ అయిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూలర్. పలకలు పేర్చినట్టు ఉండే ప్లేట్ రకం తీసుకోండి, వంకర్లు తిరిగిన పైపుకి రేకులు తొడిగిన రకం చవకే కానీ అదే సైజులో అంత పని చెయ్యదు. గేర్‌బాక్స్ నుంచి ముందు రేడియేటర్‌కి, అక్కడ్నుంచి కొత్త కూలర్‌కి, తర్వాత వెనక్కి, నేను ఈ వరుసలోనే వేశాను. గొట్టాల దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కోసం చేసిన గొట్టమే కావాలి. నా బండిలో ఎవరో పెట్రోల్ గొట్టం వేసి క్లిప్పు బిగించారు, అది ఉబ్బి చెమటపట్టినట్టు కారుతోంది, కింద జానెడు దూరంలో సైలెన్సర్ పైపు. వేడి ఆయిల్ ఆ పైపు మీద పడితే ఇక చెప్పక్కర్లేదు, లోపలున్నదంతా ప్లైవుడ్డూ పరుపులూ. లైన్లు ఆ పైపుకి దూరంగా జరపండి, మంటలార్పే సిలిండర్ డ్రైవర్ సీటు పక్కన పెట్టుకోండి.

గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూపించే గేజ్ తప్పకుండా వేయించండి, సెన్సార్ ఆయిల్ పాన్‌లో. 175 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల ఉంటే హాయి, 200 అంటే 93 సెల్సియస్, అక్కడిదాకా కంగారు లేదు, 220 దాటితే నేను గేరు దించి స్పీడు తగ్గిస్తా, 240 వచ్చిందంటే ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆపి న్యూట్రల్. 240 దగ్గర్నుంచి ఆయిల్ వార్నిష్‌లా గట్టిపడుతూ లోపల అంటుకుంటుంది, ఆపైన సీళ్ళు గట్టిపడిపోతాయి. రీబిల్డ్‌కి ముందు గేజ్ పెట్టిన రోజు అదే ఎక్కుడులో నాకు 250 చూపించింది. ఇప్పుడు తెల్లవారుజామున బయల్దేరి, నీళ్ళ ట్యాంకు ఖాళీగా పెట్టుకుని, 2లో ఎక్కితే 195 దాటట్లేదు. నీళ్ళంటే గుర్తొచ్చింది, గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైనే, 30 గ్యాలన్లంటే ఒక లావుపాటి మనిషిని అదనంగా ఎక్కించుకున్నట్టు, పైకి వెళ్ళాక క్యాంప్‌గ్రౌండ్‌లో పట్టుకోవచ్చు.

లోతు పాన్ గురించి కూడా అడిగారు, అది వేడెక్కడాన్ని కాస్త ఆలస్యం చేస్తుందంతే, నేనైతే ఆ డబ్బులు గేజ్‌కి పెడతా. ఆయిల్ మాత్రం ఇప్పుడే మార్చేయండి, పాన్ విప్పినప్పుడు అడుగున నల్లటి పొడి చాలా ఉందా, మెరిసే లోహం ముక్కలున్నాయా చూసి ఇక్కడ రాయండి. మీ కార్బురేటర్ ఒరిజినలా, మధ్యలో ఎవరైనా మార్చారా, అదీ చెప్తే మిగతాది మాట్లాడుకుందాం.