బుజ్జీ, గాలిని రెండు వైపుల నుంచీ విను

బుజ్జీ,

శబ్దంతో గాలి వేగం కొలుస్తానని ఫోన్లో అన్నావు కదా, రాత్రంతా అదే ఆలోచన. మా మేడ మీది గిన్నెలు తిరిగే మీటరు సంగతి నీకు తెలుసు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎవరి పెరట్లోకి ఎగిరిపోయిందో, మళ్లీ దొరకలేదు. నీ దాంట్లో తిరిగేదేమీ లేదు, అరిగేదీ లేదు. మంచిదే ఎంచుకున్నావు.

మీ పర్లాకిమిడిలో మహేంద్రతనయ నిండుగా పారేటప్పుడు వాలుకి ఈదితే త్వరగా పోతాం, ఎదురీదితే ఆలస్యమవుతుంది. గాలిలో శబ్దమూ అంతే. శబ్దం పంపి, వినే రెండు సెన్సర్లను 20 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా పెట్టావనుకో. 30 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. గాలి సెకనుకు 5 మీటర్లు వీస్తుంటే వాలుకి 565 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షలో వంతులు), ఎదురుగా 581. ఆ పదహారులోనే ఉంది నీ గాలంతా. ఒక్కవైపే కొలిచి సరిపెట్టుకోకు. ఎండ పెరిగితే శబ్దం వేగమూ పెరుగుతుంది, అది గాలో వేడో నీకు తెలీదు. రెండు కాలాలనూ తలకిందులు చేసి (అంటే ఒకటిని ఒక్కో కాలంతో భాగించి), ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, దూరంలో సగంతో గుణించు. వేడి గొడవ దానంతటదే పోతుంది.

నేను దెబ్బతిన్నది వేరే చోట. ఒక సాయంత్రం వేపాకు కూడా కదలడం లేదు, నా బోర్డు మాత్రం ఏడున్నర మీటర్ల గాలి అంటోంది! ప్రోగ్రాం మొత్తం తిరగరాశాను, పనవ్వలేదు. అసలు సంగతేమిటంటే, 40 కిలోహెర్ట్జ్ సెన్సర్, అంటే సెకనుకు 40 వేల అలలు పంపేది, ఒక్కసారిగా మోగదు, మెల్లగా ఊపందుకుంటుంది. అవతల వినే సెన్సర్ ఒక అల పొరపాటు పడితే 25 మైక్రోసెకన్లు పోయినట్టే. అది ఒక్కవైపే జరిగితే లేని గాలి పుట్టుకొస్తుంది. అందుకని అంకె అమాంతం గెంతిందా, ముందు అల జారిందేమో చూడు, తర్వాతే ప్రోగ్రాం ముట్టుకో. మేడెక్కించే ముందు అట్టపెట్టెలో మూసి, ఫ్యాన్ ఆపి, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి సున్నా చూపిస్తోందో లేదో చూసుకో.

దిక్కు కోసం ఇంకో జత అడ్డంగా కావాలి, ఒకటి ఉత్తర దక్షిణాలకి, ఒకటి తూర్పు పడమరలకి. మేడ మీద పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల పక్కన దిక్సూచిని నమ్మొద్దు, రాత్రి ధ్రువనక్షత్రం చూసి బిగించు. గాలి ఎటు నుంచి వస్తే అదే దాని పేరని మర్చిపోకు. సగటు తీసేటప్పుడు డిగ్రీలను కూడితే 350కీ 10కీ మధ్య 180 వస్తుంది, అంటే ఉత్తరగాలి కాస్తా దక్షిణం అయిపోతుంది. రెండు జతల అంకెలకూ విడిగా సగటు తీసి, ఆ తర్వాత దిక్కు కట్టు.

వానచుక్క సెన్సర్ మొహం మీద నిలిస్తే తప్పుడు లెక్కలొస్తాయి. తిత్లీ తుఫాను లాంటి రోజునే సరైన లెక్క కావాలి కాబట్టి, అనుమానం వచ్చిన రీడింగ్ దాచుకోకుండా పారెయ్యి.

దసరాకి వచ్చేటప్పుడు బోర్డు పట్టుకురా. మా మేడ మీద పాత టీవీ యాంటెన్నా గొట్టం ఇంకా నిలబడే ఉంది, పిట్టగోడ కంటే బాగా ఎత్తులో. కాకులకి మాత్రం నువ్వే ఏదో ఉపాయం చెప్పాలి.

మీ మావయ్య,
బరంపురం