కాలేజీ ల్యాబ్ జర్నల్‌లో అందరి వార్తలూ రావాలంటే ఏం చేయాలి?

మీ జర్నలిజం విభాగం విద్యార్థులు ప్రాక్టీస్ కోసం తెచ్చే పత్రికలో, అంటే ల్యాబ్ జర్నల్‌లో ఎప్పుడూ అవే ముఖాలు కనిపిస్తున్నాయనీ, మిగతావాళ్ల కోసం ప్రత్యేక పేజీ పెడితే బాగుంటుందా అనీ అడిగారు. పెట్టకండి. నేను పీజీలో ల్యాబ్ జర్నల్ డెస్క్ చూశాను, ఇప్పుడు ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. మార్చి 8న మహిళలు, ఏప్రిల్ 14న దళితులు, ఆగస్టు 9న ఆదివాసీలు, డిసెంబర్ 3న వికలాంగులు అంటూ క్యాలెండర్ చూసి పేజీ వేస్తే, మిగతా రోజుల్లో వాళ్ల జోలికి పోకపోవడానికి అదే సాకైపోతుంది.

ముందు పాత సంచికలు దగ్గర పెట్టుకుని, ఏ వార్తలో ఎవరు మాట్లాడారో పెన్నుతో గుర్తు పెట్టండి. మేం అలా చూస్తే వీసీ, హెచ్‌ఓడీలు, విద్యార్థి సంఘాల నాయకులు, ఫెస్ట్‌లో ప్రైజులు కొట్టినవాళ్లు తేలారు. మెస్‌లో వండేవాళ్లు, ఔట్‌సోర్సింగ్ శానిటేషన్ సిబ్బంది సమ్మె ఫొటోలో ఉన్నారు గానీ ఒక్కరి పేరూ లేదు. హాస్టల్ అమ్మాయిలు సంక్రాంతి ముగ్గుల ఫొటోలో ఉన్నారు. దీని వెనక కుట్రేమీ లేదు. డెడ్‌లైన్ మీద పడ్డాక రిపోర్టర్ తన ఫోన్‌లో ఉన్న నంబర్లకే కొడతాడు, ఎత్తినవాళ్ల వెర్షనే అచ్చవుతుంది. అందుకే టీమ్ మొత్తానికీ కలిపి ఒక నంబర్ల జాబితా పెట్టాం. నైట్ సెక్యూరిటీ, మెస్ సిబ్బంది, వెల్ఫేర్ హాస్టల్లో ఉండే జూనియర్లు, ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాళ్లు, అందరివీ అందులో చేరాయి. అడిగి, ఒప్పుకున్నాకే రాసుకున్నాం.

తర్వాత ఆ నంబర్లకు మామూలు వార్తల కోసమే ఫోన్ చేయాలి. ఇదే అసలు సంగతి. ఒక ఉదాహరణ చెబుతాను. పరీక్షల టైంటేబుల్ వచ్చింది. ఉదయం 10 నుంచి 1, మధ్యాహ్నం 2 నుంచి 5, రోజుకు రెండు పేపర్లు. ఎప్పటిలా తేదీలు వేసి వదిలేసే వార్తే. మా రిపోర్టర్ చూపు లేని ఒక సీనియర్‌కు కూడా ఫోన్ చేసింది. స్క్రైబ్‌తో, అంటే తాము చెబుతుంటే రాసిపెట్టే సహాయకుడితో, పరీక్ష రాసేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట. ఉదయం పేపర్ 2 గంటలకు ముగుస్తుంది, అదే 2కి రెండోది మొదలవుతుంది. ఆయన ఎప్పుడు తినాలి? స్క్రైబ్‌గా వచ్చిన జూనియర్ ఎప్పుడు తినాలి? టైంటేబుల్ వేసినవాళ్లకే ఇది తట్టలేదు. ఆ కాపీ (రాసిన వార్త) మొదటి పేజీలో పరీక్షల వార్తగానే వెళ్లింది, వికలాంగుల వార్త అని ఎక్కడా ముద్ర వేయలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్, బస్ పాస్, లైబ్రరీ టైమింగ్స్ ఏ వార్త తీసుకున్నా ఇలాంటిది ఒకటి దొరుకుతుంది.

టీమ్‌లో ఎవరున్నారన్నది ఇంకో ప్రశ్న. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో తెచ్చిన నివేదికలో, పరిశీలించిన 121 ఉన్నత న్యూస్‌రూమ్ పదవుల్లో 106 అగ్రకులాల వాళ్లవే, ఎస్సీ ఎస్టీలు ఒక్కరూ లేరు. ఆ వడపోత కాలేజీలోనే మొదలవుతుందని నా అనుమానం. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, పేజీలకు వాడే అను తెలుగు ఫాంట్స్‌లో టైపింగ్ వచ్చినవాళ్లు, రాత్రి పది దాకా పేజీల దగ్గర కూర్చోగలిగేవాళ్లే డెస్క్‌లో మిగులుతారు. హాస్టల్ గేటు మూసేలోపు వెళ్లాల్సిన అమ్మాయిలు, ఊరికి చివరి బస్సు పట్టుకోవాల్సినవాళ్లు మెల్లగా జారుకుంటారు. మేం పేజీలు కూర్చే పనిని (పేజినేషన్) మధ్యాహ్నానికి మార్చాం. వాయిస్ నోట్‌లో చెప్పినా వార్త తీసుకున్నాం, టైప్ చేసింది ఎవరైనా బైలైన్ (వార్త మీద వేసే పేరు) మాత్రం తెచ్చినవాళ్లదే. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒక గోండు అమ్మాయి మొదటి కాపీ అలాగే వచ్చింది. డిగ్రీలు ఉంటేనే రిపోర్టింగ్ అనేవాళ్లకు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో గురించి చెప్పండి. యూపీలోని చిత్రకూట్‌లో 2002లో గ్రామీణ మహిళా రిపోర్టర్లతో పత్రికగా మొదలైన ఖబర్ లహరియా కూడా ఉంది.

డెస్క్‌లో నాకు బాగా చిరాకు తెప్పించేది ఒకటుంది. మెస్ వర్కర్ మాటల్ని యాసతో వేస్తాం, ప్రొఫెసర్ మాటల్ని పుస్తకాల తెలుగులోకి మారుస్తాం. నిజానికి ప్రొఫెసర్ కూడా ‘వచ్చిన్రు, పోయిన్రు’ అనే మాట్లాడారు. యాస ఉంచితే ఇద్దరికీ ఉంచండి, తీస్తే ఇద్దరికీ తీయండి.

ఇక జాగ్రత్త విషయం. అందరినీ పేపర్లోకి తేవాలన్న ఉత్సాహంలో ఎవరి కులాన్నీ, ఆరోగ్యాన్నీ, జెండర్‌నూ వాళ్లను అడగకుండా బయటపెట్టకండి. లైంగిక వేధింపుల కమిటీకి ఫిర్యాదు చేసిన వ్యక్తి వివరాలు ప్రచురించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పేరు తీసేసి ‘ఎంఏ రెండో ఏడాది, ఫలానా జిల్లా అమ్మాయి’ అని రాసినా క్యాంపస్‌లో ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ట్రాన్స్ విద్యార్థి కనబడగానే జీవితకథ చెప్పమనడం కూడా మానండి. క్యాంటీన్ రేట్లు పెరిగితే ఆ విద్యార్థినీ అడగండి, చాలు.

మీది ప్రింటా, పీడీఎఫ్ మాత్రమేనా రాయలేదు. పీడీఎఫ్ అయితే, అను ఫాంట్స్‌తో చేసిన పేజీని స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తెలుగుగా చదవలేదు, అర్థంలేని అక్షరాలు వినిపిస్తాయి. అవే వార్తల్ని యూనికోడ్‌లో మామూలు టెక్స్ట్‌గా కూడా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. కన్వర్టర్‌లో వేస్తే పెద్ద పనేం కాదు, కాకపోతే ఒత్తులు ఒకసారి చూసుకోవాలి.