వర్ధంతి సభకు ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

ఎమ్మెల్యే గారి మొదటి వర్ధంతి సభ, ఆ రోజు పంచే చిన్న పుస్తకం, రెండూ నీకే అప్పగించారని విని సంతోషించాను. ఫోన్‌లో నీ టెన్షన్ అంతా విగ్రహం ఎక్కడ పెట్టాలి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఉండాలి అన్నదాని మీదే ఉంది. అవి తర్వాత చూసుకోవచ్చు అబ్బయ్యా. విలేకరిగా ఆయన వెంట మన మెట్ట ఊళ్లన్నీ తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ముందు ఆయన చేసిన పని పోగు చెయ్యి.

అసెంబ్లీ కాగితాలతో మొదలుపెట్టు. సభలో ఎవరేం మాట్లాడారో రాసి అచ్చు వేస్తారు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చెప్పాలి, దాని మీద సభ్యుడు మళ్లీ అడగొచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. 2017 నుంచి సభ వెలగపూడిలో జరుగుతోంది, అంతకు ముందువి ఎక్కువగా హైదరాబాద్ నాటివి. అందుకే ఆయన ఏయే సంవత్సరాల్లో సభ్యుడిగా ఉన్నారో రాసుకుని అడుగు, లేకపోతే వెతకడానికే నెల పోతుంది. సభ్యులు, మాజీ సభ్యులు పోయినప్పుడు సంతాపం చెప్పి మౌనం పాటించడం సభ ఆనవాయితీ. ఆ సంతాప పాఠం సంపాదించి, మన సభలో అన్నిటికంటే ముందు చదివించు.

తర్వాత ఊళ్లకు పో. ఈ పని ఇంకొకరికి అప్పజెప్పకు. "ఆయన ఎట్టాంటివారు?" అని మాత్రం అడగొద్దు. అడిగితే ప్రతివాళ్లూ "దేవుడయ్యా" అంటారు, నీ నోట్‌బుక్‌లో అదొక్క మాటే మిగులుతుంది. "ఏ పని మీద ఆయన దగ్గరకు పోయినావు? చేతిలో ఏం కాగితం ఉంది? మొదటిసారి ఏమన్నారు? పని కాకపోతే మళ్లీ పోయినావా?" అని అడుగు. అప్పుడు పింఛను ఆగిపోయిన ముసలమ్మ, పట్టాదారు పాస్ పుస్తకంలో తండ్రి పేరు తప్పు పడిన రైతు, నడుములు వంగదీసే ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక మంచినీళ్ల ట్యాంకు కోసం అర్జీ పెట్టిన ఊరివాళ్లు, ఒక్కొక్కరే నోరు విప్పుతారు. ఆయన పీఏనూ డ్రైవర్‌నూ కూర్చోబెట్టి మాట్లాడించు. ఆయన మీద పోటీ చేసి ఓడినవారి ఇంటికీ వెళ్లు. ఎదుటి పార్టీవాళ్లు ఒప్పుకున్న మంచికి మన పది పొగడ్తల విలువ ఉంటుంది.

రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. రోడ్డు వేసింది ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లు, డబ్బు ఇచ్చింది ప్రభుత్వం. ఆ ఫైలు కదిలేదాకా వెంటపడటమే ఎమ్మెల్యే పని. అంతే రాయి, చాలు, అదేం చిన్న పని కాదు. తేదీలు శిలాఫలకం దగ్గర నిలబడి సరిచూసుకో.

కానివి కూడా దాచొద్దు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నుంచి నల్లమల కింద సొరంగాల్లో 43.5 టీఎంసీల వరద నీళ్లు ప్రకాశం, నెల్లూరు, కడప మెట్టలకు తేవాలన్నది ఆలోచన. దాని కోసం ఎదురుచూస్తూనే ఎంతమంది రైతులు పోయారో నీకు తెలుసు. ఆయన సభలో దాని మీద ఏం అడిగారో వెతికి, దొరికితే ఉన్నది ఉన్నట్టు అచ్చు వెయ్యి.

మన జిల్లాలోనే చూడు. అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఎమ్మెల్యేగా గెలిచింది కృష్ణా జిల్లా గన్నవరం నుంచి. పోయి దశాబ్దాలైంది. "కమ్యూనిస్టు గాంధీ" అన్న బిరుదు కంటే ముందు, పార్లమెంటుకు ఆయన సైకిల్ మీద వెళ్లిన సంగతే జనం చెప్పుకుంటారు. పేరు చివర ఉన్న రెడ్డిని ఆయనే తీసేశారు. మన పుస్తకంలోనూ అట్టాంటివే ఉండాలి. 'మహోన్నత', 'చిరస్మరణీయ' లాంటి మాటలు కనబడితే నేనే కొట్టేస్తాను.

విగ్రహం సంగతి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సెంటర్‌లో పెట్టాలన్న మాట మానుకోండి. సంగం బ్యారేజీకి మేకపాటి గౌతమ్‌రెడ్డి గారి పేరు పెట్టినట్టు దేనికైనా పేరు పెట్టించాలనుకుంటే, దాని బాగోగులు ఎవరు చూస్తారో కూడా ముందే అడగండి. గుండ్లకమ్మ ప్రాజెక్టుకు కందుల ఓబులరెడ్డి గారి పేరుంది, 2022లో దాని గేటు కొట్టుకుపోయి బోలెడు నీళ్లు సముద్రం పాలయ్యాయి. ఆ వార్త చదివి నాకు చాలా బాధేసింది. నన్నడిగితే హైస్కూల్లో పోటీ పరీక్షల పుస్తకాలతో ఒక గది, దానికి నెలనెలా జీతమిచ్చి ఒక మనిషి, ఇది మేలు. ఆ జీతం డబ్బు ముందుగా బ్యాంకులో వేయించి, తర్వాతే రిబ్బన్ కట్ చేయించు.

సభ సాయంత్రం పెట్టు. వేదిక మీద కుర్చీలు తగ్గించు. ఆయన భార్యను మెట్లెక్కించి పైన కూర్చోబెట్టొద్దు, కింద మొదటి వరుసలో ఆడపిల్లల మధ్య కూర్చోనివ్వు. మొదట మాట్లాడాల్సింది ఊరి మనిషి. నాయకులు ఆ తర్వాత, తలా ఐదు నిమిషాలు. టికెట్ మాట ఎత్తినవాళ్ల దగ్గర మైకు తీసుకోవడానికి మొహమాటపడొద్దు, నా పేరు చెప్పు.

పుస్తకం ప్రూఫ్ రాగానే ముందు ఎమ్మెల్యే గారి పెద్దమ్మాయికి చూపించి, తర్వాత నాకు పంపు. పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య
నెల్లూరు