ఆంత్రోపాలజీని దొడ్డిదారి అనుకోకండి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయి ఈ జూన్‌లో హైస్కూల్ పూర్తి చేస్తుంది. బర్క్‌లీలో సీటు రాలేదు. రివర్‌సైడ్‌లో వచ్చింది గానీ వెళ్లనంటోంది. డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) చదివి బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్ అవుతానంటోంది. లోపలికి వెళ్లాక కంప్యూటర్ సైన్స్‌కి మారిపోవచ్చని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నేరుగా యూనివర్సిటీకి పంపడం మేలా, ఇలా పంపడం మేలా? అసలు ఆంత్రోపాలజీతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఏటా ఈ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కాలేజీ పేరు మారుతుంది, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మారుతుంది. ‘కమ్యూనిటీ కాలేజీ అని నలుగురికీ ఎలా చెప్పుకోవాలి’ అన్న బాధ మాత్రం అన్నింట్లోనూ ఒకటే. ముందు దాని సంగతి చూద్దాం.

కాలిఫోర్నియాలో ఇది మార్కులు తక్కువొచ్చిన పిల్లల కోసం తర్వాత అతికించిన ఏర్పాటేమీ కాదు. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ, ఆపైన యూనివర్సిటీ అన్న దారిని 1960 నాటి రాష్ట్ర ఉన్నత విద్యా మాస్టర్ ప్లాన్‌లోనే వేశారు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా; బర్క్‌లీ, రివర్‌సైడ్ అందులోవే) క్యాంపస్‌లు చేర్చుకునే ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో అత్యధికులు రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. చివరికి చేతికొచ్చే డిగ్రీ పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. ఖర్చు కూడా చూడండి. రాష్ట్ర నివాసికి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కు (యూనిట్ అంటే క్రెడిట్) 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకు 2,760. యూసీలో ఒక్క ఏడాది ఫీజే 15 వేల దగ్గర ఉంటుంది, గది, భోజనం వేరు. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్‌గా, అంటే టర్మ్‌కు 12 యూనిట్లు చదివేవాళ్లకు రెండేళ్ల ఫీజు మాఫీ చేసే కాలేజీలు చాలా ఉన్నాయి. నలుగురి సంగతి ఇంతటితో వదిలేయండి.

నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలో ఆ ‘తెలిసినవాళ్ల’ మాట. ఆంత్రోపాలజీకి పోటీ తక్కువ కాబట్టి ఆ గుమ్మంలోంచి దూరి, తర్వాత కంప్యూటర్ సైన్స్‌లో కూర్చోవచ్చన్నది పదేళ్ల కిందటి లెక్క. బర్క్‌లీలో ఇప్పుడు కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ రెండూ 2023లో ఏర్పడిన ప్రత్యేక కాలేజీ కిందికి వెళ్లాయి. ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని ఏ మేజర్‌కు తీసుకుంటే ఆ మేజర్‌లో రెండేళ్లలో బయటపడాలనే లెక్కతో తీసుకుంటారు. వచ్చాక అటు దూకే దారి దాదాపు మూసుకుపోయినట్టే. పైగా కంప్యూటర్ సైన్స్‌కి కమ్యూనిటీ కాలేజీలోనే కాలిక్యులస్ వరస, ప్రోగ్రామింగ్ కోర్సులు పూర్తి చేసి ఉండాలి. ఆంత్రోపాలజీ కోర్సులు చదువుతూ అవీ చదవబోతే రెండేళ్లు మూడవుతాయి. మనసులో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి పెట్టి పిల్లను పంపితే రెండూ పోతాయి. కంప్యూటర్ సైన్సే కావాలంటే ఆ పేరుతోనే దరఖాస్తు పెట్టించండి. అమ్మాయికి నిజంగా ఆంత్రోపాలజీ మీదే ఇష్టం ఉంటేనే ఇక్కడి నుంచి చదవండి.

పునాదిగా మూడు కోర్సులు కావాలి: బయలాజికల్ ఆంత్రోపాలజీ, కల్చరల్ ఆంత్రోపాలజీ, ఆర్కియాలజీ. చిక్కులు వచ్చేవి వీటి చుట్టూనే. చిన్న డిపార్ట్‌మెంట్లలో ఆర్కియాలజీని ఏడాదికి ఒక్క టర్మ్‌లోనే పెడతారు. చేరినవాళ్లు తక్కువైతే సెక్షన్ రద్దు చేస్తారు. అందుకని దాన్ని రెండో ఏడాదికి వాయిదా వేయకూడదు, దొరికిన మొదటి టర్మ్‌లోనే తీసుకోవాలి. బయలాజికల్ ఆంత్రోపాలజీకి ల్యాబ్ చాలాచోట్ల విడిగా ఒక యూనిట్ కోర్సు. దాన్ని వదిలేస్తే జనరల్ ఎడ్యుకేషన్‌లో (ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిన కోర్సుల్లో) సైన్స్ ల్యాబ్ ఖాళీగా మిగులుతుంది, ఆ సంగతి తెలిసేసరికి ఆఖరి టర్మ్ వస్తుంది. డి ఆంజాలో క్వార్టర్ పద్ధతి, టర్మ్‌లు చిన్నవి. యూసీ అడిగే 60 సెమిస్టర్ యూనిట్లు అక్కడ 90 క్వార్టర్ యూనిట్లు. మీ ఫ్రీమాంట్‌లోని ఒహ్లోనీ కాలేజీలో సెమిస్టర్ పద్ధతి. సగం అక్కడ, సగం ఇక్కడ చదివే పిల్లలు ఈ లెక్కలోనే తప్పుతారు. క్వార్టర్ యూనిట్లను మూడింట రెండు వంతులుగా లెక్కేసుకోవాలి.

ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. సీనియర్ చెప్పింది కాదు, అందులో కనిపించిందే చెల్లుతుంది. ఇంగ్లిష్ రెండు కోర్సులు, గణితం ఒకటి మొదటి ఏడాదిలోనే ముగించాలి. గణితంగా స్టాటిస్టిక్స్ తీసుకోమనండి, ఆంత్రోపాలజీలో అదే అక్కరకొస్తుంది. యూసీకి నివాసి కనీస జీపీఏ 2.4. అది గుమ్మం దాకా రానిస్తుందంతే, బర్క్‌లీ చేర్చదు.

హామీ సీటు కావాలంటే టాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) ఉంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లలో ఒక్కదానికే పెట్టుకోవాలి, సెప్టెంబరు 1 నుంచి 30 లోపు. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఇందులో లేవు. కాబట్టి టాగ్ డేవిస్‌కి వేసి, అసలు దరఖాస్తులో బర్క్‌లీనీ చేర్చాలి. జనవరిలో ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులు సరిచూసి పంపే ఫారం ఒకటి ఉంటుంది, గడువు ఆ నెలాఖరు. దాన్ని మరిచిపోయి వచ్చే సీటు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

నేరుగా యూనివర్సిటీకి వెళ్లినవాళ్లకు ఒక లాభం మాత్రం ఖాయం. ప్రొఫెసర్లతో నాలుగేళ్ల పరిచయం ఉంటుంది, రికమెండేషన్ ఉత్తరాలు అక్కడే పుడతాయి. ట్రాన్స్‌ఫర్ పిల్లకు రెండేళ్లే. చేరిన మొదటి టర్మ్‌లోనే పైస్థాయి కోర్సులు మీద పడి జీపీఏ కాస్త జారడం మామూలే, దానికి బెదిరిపోనక్కర్లేదు.

ఇక ఉద్యోగం. మన ఊళ్లలో ఆంత్రోపాలజీ అంటే సివిల్స్ ఆప్షనల్. అక్కడ మీ అమ్మాయికి వినిపించేది యూఎక్స్ రీసెర్చ్, అంటే జనం ఒక వస్తువునో యాప్‌నో ఎలా వాడుతున్నారో పరిశీలించే పని. నాకు దీని మీద అంత నమ్మకం లేదు. 1980లలో పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో జనం కాపీ మిషన్‌తో ఎలా తంటాలు పడుతున్నారో లూసీ సచ్‌మన్ గమనించడం, 1998లో జెనీవీవ్ బెల్ ఇంటెల్‌లో చేరడం నిజమే. ఇద్దరూ ఆంత్రోపాలజీలో పీహెచ్‌డీ చేసినవాళ్లు. బీఏతో నేరుగా అలాంటి కుర్చీ దొరుకుతుందనుకోవడం అత్యాశ. 2022 చివర మొదలైన లేఆఫ్‌ల్లో యూఎక్స్ రీసెర్చ్ టీమ్‌లకు గట్టి దెబ్బే తగిలింది. ఆ పేరు చూసి ఈ మేజర్ తీసుకోవద్దు.

బీఏతో నిజంగా దొరికే పని ఒకటుంది, దాని గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. అమెరికాలో ఫెడరల్ డబ్బుతోనో అనుమతితోనో జరిగే నిర్మాణం ఏదైనా 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టం కిందికి వస్తుంది. కాలిఫోర్నియాకు 1970 నాటి పర్యావరణ చట్టం కూడా ఉంది. అందుకే పని మొదలెట్టే ముందు, అక్కడ పాతకాలపు ఆనవాళ్లు ఉన్నాయేమో చూడటానికి ఆర్కియాలజిస్టులను పిలుస్తారు. నలుగురైదుగురు మనిషికీ మనిషికీ దాదాపు 15 మీటర్ల ఎడంతో వరసగా, నేల చూస్తూ నడుస్తారు. నల్లటి అబ్సిడియన్ (పూర్వం పనిముట్లు చేసుకున్న అగ్నిపర్వత గాజురాయి) పెచ్చు కనబడితే ఆగి, చిన్న జెండా గుచ్చి, జీపీఎస్‌లో గుర్తించి, రాష్ట్రం పెట్టిన డీపీఆర్ 523 ఫారం నింపుతారు. ఎండలో పని, వారాల తరబడి మోటెల్ బస, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుకులాట. బీఏతో పాటు ఫీల్డ్ స్కూల్ (తవ్వకాల చోట చేతితో నేర్చుకునే శిక్షణ) అడుగుతారు. కాబట్టి డి ఆంజాకీ యూనివర్సిటీకీ మధ్య వేసవిని ఫీల్డ్ స్కూల్‌కు అట్టిపెట్టాలి. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) కోర్సు ఒకటి చేస్తే ఇంకా మంచిది. సూపర్‌వైజర్ స్థాయికి మాస్టర్స్ తప్పదు, ఆ రెండేళ్ల ఖర్చు ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి. డాక్టర్ కావాలన్న ఆలోచన ఉన్నా ఈ మేజర్ అడ్డు కాదు, కెమిస్ట్రీ, బయాలజీ కోర్సులు విడిగా చేయాలంతే.

మీ అమ్మాయి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబ వీసా) మీద ఉంటే ఇంకో సంగతి. 21 నిండగానే అమ్మాయి ఎఫ్1కి (విద్యార్థి వీసాకి) మారాల్సి రావచ్చు, అప్పుడు నివాసి ఫీజు నిలుస్తుందో లేదో ముందే కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి. చదువయ్యాక పని అనుమతి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేని మేజర్‌కు 12 నెలలే. మేజర్ ఆ జాబితాలో ఉందో లేదో తేల్చేది డిపార్ట్‌మెంట్ వాడే సీఐపీ కోడ్, అది చూసుకోండి.

కొంచెం కటువుగా చెబుతున్నాను, ఏమనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి మాట రెండు వాక్యాలు, తెలిసినవాళ్ల మాట దానికంటే బరువుగా ఉంది. కాలేజీలో చేరిన రోజు నుంచి, 18 నిండకపోయినా, ఫెర్పా (విద్యార్థి రికార్డుల గోప్యత) చట్టం ప్రకారం ఆమె రికార్డులు ఆమెవి. మీరు ఫోన్ చేస్తే కౌన్సెలర్ గ్రేడ్లు చెప్పరు. ఆమె పాస్‌వర్డ్‌తో మీరు పోర్టల్‌లోకి వెళ్లి కోర్సులు ఎంచడం, దరఖాస్తు వ్యాసాలు మీరు రాయడం ఇక్కడితో ఆపండి. ఎడ్యుకేషన్ ప్లాన్ (ఏ టర్మ్‌లో ఏ కోర్సన్న పట్టిక) కోసం కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఆమెనే పెట్టుకోనివ్వండి.

మొదటి ఫాల్‌లో కల్చరల్ ఆంత్రోపాలజీ, ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్ తీసుకుంటే చాలు. డిసెంబరుకల్లా ఆ సబ్జెక్టు నచ్చలేదని తేలినా, ఆ కోర్సులు సైకాలజీకో సోషియాలజీకో వెళ్లినా పనికొస్తాయి. కంప్యూటర్ సైన్స్ వైపు మనసు లాగితే మాత్రం అప్పుడే చెప్పాలి, జనవరి క్వార్టర్‌లో కాలిక్యులస్ మొదలుపెట్టాలి కాబట్టి.