బ్రేకు నొక్కిన ప్రతిసారీ

చి. అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. కొత్త కారు మైలేజీ అనుకున్నంత రావడం లేదనీ, పెట్రోలులో కలిపే మందేదైనా కొననా అనీ అడిగావు. వద్దమ్మా, ఆ డబ్బు దాచుకో. ముందు నీ కుడికాలి సంగతి చూద్దాం.

పెట్రోలు ఖర్చు పెట్టి తెచ్చుకున్న వేగం, బ్రేకు నొక్కగానే వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. బ్రేకు వేయొద్దని కాదు, ఆ అవసరం తగ్గించుకోమంటున్నాను. ముందు బండికి దూరం ఉంచి, దాని అవతల ఏం జరుగుతోందో చూడు. దూరాన ఎర్ర లైటు కనిపిస్తే అప్పుడే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. గేరు మాత్రం తీయకు. ఇక్కడ చాలామంది న్యూట్రల్ చేస్తారు, అది కార్బురేటర్ బండ్ల నాటి అలవాటు. కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండగా కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, కాసేపు పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ నడవడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా పల్లంలో బండి అదుపు తప్పే ప్రమాదం ఉంది. నాకు ఆ భయమే ఎక్కువ.

హైవే మీద అసలు శత్రువు గాలి. 80లో వెళ్లేదానివి 100కి పెంచితే వేగం పెరిగేది పాతిక శాతమే, గాలి అడ్డుకునే బలం మాత్రం 56 శాతం పెరుగుతుంది. టాప్ మీద ఖాళీ క్యారియర్ ఉంటే విప్పించెయ్.

టైర్లలో గాలి నెలకోసారి, బండి కదిలించకముందే చూసుకో. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి కొట్టించకు. మైలేజీ కోసం ఎక్కువ కొట్టిస్తే పట్టు తగ్గుతుంది, ఆ పని అసలు చేయకు.

ఆయిలూ ఫిల్టర్లూ మాన్యువల్‌లో చెప్పినట్టు మార్పిస్తే చాలు. ఇంజన్ లైటు వెలిగితే మాత్రం వాయిదా వేయకు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి పెట్రోలు మోతాదు సరిచేయించే ఆక్సిజన్ సెన్సర్ పాడైతే బండి మామూలుగానే నడుస్తున్నట్టుంటుంది కానీ పెట్రోలు బాగా తాగేస్తుంది. దూరం వెళ్లొచ్చాక ఒక చక్రం దగ్గరే వేడి ఎక్కువగా కొడుతుంటే బ్రేకు పట్టేసిందేమో చూపించు.

ట్యాంకు నిండా పోయించి మీటరు రాసుకో. మళ్లీ నిండా పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు. రెండు మూడు ట్యాంకుల లెక్క రాగానే నాకు పంపు.

మామయ్య